ఈ నంబరు ఎవరిది? బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

మహేంద్రతనయ నదికి ఇటు ఒడిశాలో పర్లాకిమిడి, అటు ఆంధ్రాలో పాతపట్నం. ఇటువాళ్ల ఫోన్లలో అటు సిమ్ములు, అటువాళ్ల ఫోన్లలో ఇటు సిమ్ములు. నా రీఛార్జి కొట్టుకు వచ్చేవాళ్లు పని అయ్యాక కూడా వెంటనే కదలరు. ఫోను గల్లాపెట్టె మీద పెట్టి "ఈ నంబరు ఎవుల్దో కాస్త చూడు బాబూ" అంటారు. విడివిడిగా అందరికీ చెప్పేదే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. ముందే ఒక మాట. నంబరు ఎవరి పేరు మీద ఉందో ఖాయంగా చెప్పగలిగింది సిమ్ ఇచ్చిన కంపెనీ. అది మనం అడిగితే చెప్పదు. మనకు దొరికేవన్నీ ఆనవాళ్లే. ఏ ఆనవాలును ఎంతవరకు నమ్మాలో తెలిస్తే చాలావరకు పని జరుగుతుంది.

మొదటి అంకెలు చూసి ఏ కంపెనీదో, ఏ రాష్ట్రానిదో చెప్పొచ్చా?

ఒకప్పుడు చెప్పేవాళ్లం. మొదటి నాలుగైదు అంకెలు చూడగానే ఇది ఒడిశా బీఎస్‌ఎన్‌ఎల్, ఇది ఆంధ్రా ఎయిర్‌టెల్ అని తేలిపోయేది. 2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబరు మారకుండా కంపెనీ మార్చుకునే వీలొచ్చింది. 2015 జూలై 3 నుంచి సర్కిల్ (టెలికాం లెక్కల్లో ఒక ప్రాంతం, ఇంచుమించు ఒక రాష్ట్రం) మారినా పాత నంబరే ఉంచుకోవచ్చు. ఇప్పుడు ఆ అంకెలు చెప్పేది ఒక్కటే, ఆ నంబరును మొట్టమొదట ఏ సర్కిల్‌కు కేటాయించారో. మనిషి ఎక్కడున్నాడో వాటికి తెలియదు.

మన వైపు ఇది మరీ చిక్కు. గంజాం జిల్లా నుంచి సూరత్ మగ్గాల్లో పనికి వెళ్లిన కుర్రాడు అక్కడే సిమ్ కొంటాడు. పండక్కి వచ్చి పక్క వీధిలోంచి ఫోన్ చేసినా మీకు "గుజరాత్" అనే కనిపిస్తుంది. బరంపురంలో చదువుకునే ఇచ్ఛాపురం పిల్ల ఫోనులో ఉండేది ఆంధ్రా నంబరు. "బయట రాష్ట్రం నంబరైతే ఎత్తకు" అని ఇంట్లో పెద్దవాళ్లకు నేర్పారంటే సొంత మేనల్లుడి ఫోను కూడా ఎత్తరు.

ఇంకొకటి. "ఆంధ్రప్రదేశ్" అని వచ్చింది కదా అని శ్రీకాకుళమో విజయనగరమో అనుకోకండి. రాష్ట్రాలు విడిపోయినా టెలికాం లెక్కల్లో తెలంగాణ ఇంకా ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనే ఉంది. హైదరాబాదు నంబరుకీ అదే పేరు పడుతుంది.

ట్రూకాలర్‌లో వచ్చే పేరు నిజమేనా?

అది నలుగురూ అనుకునే పేరు. స్వీడన్‌లో 2009లో మొదలైన ఆ కంపెనీ దగ్గర ప్రభుత్వ రికార్డులేమీ లేవు. వాడేవాళ్లు ఇచ్చిన పేర్లు, వాళ్లు చేసిన సవరణలు, వాళ్లు పెట్టిన ఫిర్యాదులు, వీటినుంచే పేరు తయారవుతుంది. అందుకే "గ్యాస్ బండ బాబు", "కొబ్బరికాయలు ఇచ్ఛాపురం", "లోన్ వాడు ఎత్తొద్దు" లాంటివి కనిపిస్తాయి. నవ్వొస్తుంది గానీ, "గ్యాస్ బండ బాబు" అన్నది చాలాసార్లు అసలు పేరు కన్నా ఎక్కువ పనికొస్తుంది. ఫోన్ ఎందుకొచ్చిందో వెంటనే తెలిసిపోతుంది.

నమ్మకూడని సందర్భాలు రెండు. నంబరు చేతులు మారినా పాత యజమాని పేరు చాలాకాలం అలాగే ఉండిపోతుంది. రెండోది, ఎవడైనా తన నంబరుకు తనే "బ్యాంక్ కేవైసీ విభాగం" అని పేరు పెట్టుకుని, పక్కన ఆ బ్యాంకు బొమ్మ కూడా తగిలించుకోగలడు. ఎర్రగా కనిపించి "స్పామ్" అని వచ్చిందంటే దాన్ని ఎక్కువగా నమ్మొచ్చు, చాలామంది తిట్టుకుంటే తప్ప ఆ రంగు రాదు. పేరు మంచిగా కనిపించినంత మాత్రాన మంచివాడని కాదు.

మీ పేరు అందులో ఉండటం ఇష్టం లేకపోతే ముందు యాప్‌లో ఖాతా తీసేయండి. ఆ తర్వాత వాళ్ల వెబ్‌సైటులో నంబరును జాబితా నుంచి తొలగించమని అడిగే పేజీ ఉంది. ఫోనులోంచి యాప్‌ను మాత్రమే తీసేస్తే పేరు పోదు.

ఏ యాప్ లేకపోయినా పేరు పడుతోంది. అదెక్కడి నుంచి?

అది టెలికాం కంపెనీలే చూపించే పేరు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 ఫిబ్రవరి 23న దీనికి సిఫార్సు చేసింది. సిమ్ తీసుకునేటప్పుడు దరఖాస్తులో రాసిన పేరు అవతలివాళ్ల తెరమీద కనిపించాలన్నది ఏర్పాటు. ముందు 4జీ, 5జీ ఫోన్లకు వస్తోంది. బటన్ల ఫోను వాడే పెద్దవాళ్లు దీనిమీద ఆశ పెట్టుకోవద్దు.

ట్రూకాలర్ కన్నా ఇది గట్టి ఆధారమే, దీని వెనక ఆధార్‌తోనో మరో గుర్తింపు కార్డుతోనో తీసుకున్న దరఖాస్తు ఉంది. అయితే సిమ్ ఎవరి పేరు మీద ఉందో, మాట్లాడేది వాళ్లే కానక్కర్లేదు. మన ఇళ్లనే చూడండి. అమ్మ ఫోను పెద్దకొడుకు పేరు మీద, కోడలి ఫోను మావగారి పేరు మీద, ఊళ్లో ఉన్న తాతగారి ఫోను బరంపురంలో ఉద్యోగం చేసే అల్లుడి పేరు మీద ఉంటాయి. రేపు మీ అత్తగారు ఫోన్ చేస్తే మీ బావ పేరు పడుతుంది, కంగారు పడకండి. అదే లెక్కన మోసగాడు ఫోన్ చేసినా, అతనికి సిమ్ అమ్ముకున్న అమాయకుడి పేరే పడుతుంది.

ఫోన్‌పే, గూగుల్‌పేలో నంబరు కొట్టి చూడొచ్చంటారు. పనిచేస్తుందా?

పనిచేస్తుంది. కొట్టులో నేను ముందు చూసేది ఇదే. డబ్బు పంపే చోట ఆ పది అంకెలు కొట్టండి. నంబరుకు యూపీఐ ఉంటే పేరు వస్తుంది. ముందు కనిపించేది వాళ్లు యాప్‌లో పెట్టుకున్న ముద్దుపేరు కావచ్చు. ఇంకో అడుగు ముందుకెళ్లి, సొమ్ము కొట్టే తెర దాకా వస్తే బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు పడుతుంది. డబ్బు అందుకునేవారి పేరుగా బ్యాంకు రికార్డులోని పేరునే చూపాలని, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 జూన్ 30 నుంచి తప్పనిసరి చేసింది. పేరు చూశాక వెనక్కి వచ్చేయండి. రూపాయి పంపి చూడటం లాంటివి వద్దు, పంపితే మీ పేరు వాళ్లకు చేరుతుంది.

పేరేమీ రాలేదంటే ఆ మనిషికి యూపీఐ లేదని, లేదా నంబరుతో వెతికితే కనపడకుండా పెట్టుకున్నారని అర్థం. అనుమానించాల్సిన పని లేదు.

వాట్సాప్‌లో ఫొటో చూస్తే?

నంబరు సేవ్ చేసుకుని చూడండి. వాళ్లు దాచుకోకపోతే ఫొటో కనిపిస్తుంది. దేవుడి బొమ్మో హీరో బొమ్మో ఉంటే అక్కడితో ఆ దారి అయిపోయినట్టే. పోలీసు దుస్తుల్లో ఉన్న ఫొటో మాత్రం ఎప్పుడూ ఆధారం కాదు. ఎవరి ఫొటో అయినా ఎవరైనా పెట్టుకోవచ్చు. చూడటం అయ్యాక సేవ్ చేసిన నంబరు తీసేయండి. మీరు మీ ఫొటోను "నా కాంటాక్టులకు మాత్రమే" అని పెట్టుకుని ఉంటే, మీరు సేవ్ చేసిన ఆ తెలియని మనిషికి కూడా అది కనిపిస్తుంది. ఈ సంగతి చాలామందికి తట్టదు.

తిరిగి ఫోన్ చేసి అడిగేస్తే పోదా?

మన దేశపు మామూలు పది అంకెల నంబరైతే, చాలాసార్లు అంతకన్నా సులువైన దారి లేదు. అడగడంలోనే ఉంది కిటుకంతా. "నేను కాశీనగరం నుంచి ఫలానా వారి అబ్బాయిని, మీరెవరండీ" అన్నామంటే అవతలివాడికి కావలసింది మనమే చేతిలో పెట్టేసినట్టు. "ఈ నంబరు నుంచి ఫోన్ వచ్చింది, మీకు ఎవరు కావాలి?" అని ఆగండి. తెలుగు రానివాళ్లయితే ఒడియాలో "కిఏ కహుఛంతి?" అంటే చాలు. నిజంగా పని ఉన్నవాళ్లు ఎవరు కావాలో చెప్తారు, రాంగ్ నంబరైతే సారీ చెప్పి పెట్టేస్తారు.

"నేనెవరో చెప్పుకో చూద్దాం" అని ఆట మొదలుపెట్టిన వాడితో మాత్రం జాగ్రత్త. మీరు "చిన్నబావా?" అనగానే అతను చిన్నబావ అయిపోతాడు. ఫోను పోయింది, కొత్త నంబరు ఇది, ఆస్పత్రిలో ఉన్నాను, ఐదు వేలు పంపు, అని కథ నడుస్తుంది. ఆ ఆటకు విరుగుడు కూడా చుట్టరికమే. "అయితే మన పెద్దత్త పేరేంటి?" అని అడిగి చూడండి.

ఒక్క రింగు ఇచ్చి ఆగిపోతోంది. నంబరు ముందు +91 కాకుండా వేరే అంకెలున్నాయి.

తిరిగి చేయకండి. పరదేశపు నంబరుకు మనం చేస్తే మన బ్యాలెన్సే కరుగుతుంది. అందులో వాటా ఎవరికో పోతుంది, మిస్డ్ కాల్ ఇచ్చేది అందుకే. గల్ఫ్‌లో మనవాళ్లున్న ఇళ్లు మాత్రం ఈ అంకెలు గోడమీద రాసుకోవాలి. యూఏఈ +971, సౌదీ +966, ఒమన్ +968, కతార్ +974, కువైట్ +965, బహ్రెయిన్ +973. పాకిస్తాన్‌ది +92, మనదాని పక్క అంకె. తొందరలో చూస్తే ఇండియా నంబరే అనుకుంటారు.

విదేశం నుంచి చేస్తూ తెరమీద +91 నంబరు పడేలా చేసే మోసం కూడా ఉంది. దాన్ని అడ్డుకునే వ్యవస్థను టెలికాం శాఖ 2024 అక్టోబరు 22న మొదలుపెట్టింది. అయినా జల్లెడలోంచి కొన్ని జారతాయి. దుబాయ్ నంబరు నుంచి మీ అబ్బాయి చేసిన ఫోను మీ తెరమీద ఇండియా నంబరుగా పడితే, లేదా "ఇంటర్నేషనల్ కాల్" అని రాసి ఉండి నంబరు మాత్రం లోకల్‌గా కనిపిస్తే, అలాంటి కాల్ మీద ఫిర్యాదు చేయడానికి టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో విడిగా చోటు ఉంది.

140, 1600 తో మొదలయ్యే నంబర్లు ఎవరివి?

140 వ్యాపార ప్రకటనలది. ఎత్తకపోతే పోయేదేమీ లేదు. 1600 బ్యాంకులు, బీమా కంపెనీలు, ప్రభుత్వ విభాగాలు తమ ఖాతాదారులకు పని మీద చేసే కాల్స్‌కు కేటాయించింది. వాణిజ్య బ్యాంకులు 2026 జనవరి 1 కల్లా దీనికి మారాలని ట్రాయ్ గడువు పెట్టింది. కాబట్టి మామూలు పది అంకెల మొబైల్ నుంచి "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం" అన్నవాణ్ని ఇదివరకటి కన్నా ఎక్కువ అనుమానించొచ్చు.

ప్రకటనలు వద్దనుకుంటే 1909కు ఫోన్ చేసి ఆపించుకోండి. ఆ తర్వాతా వస్తుంటే ఏడు రోజుల్లోగా అదే నంబరుకు ఫిర్యాదు చేయొచ్చు.

మెసేజ్ వచ్చింది, నంబరు లేదు, అక్షరాలే ఉన్నాయి. పంపిందెవరు?

దీనికి మాత్రం సూటి జవాబు ఉంది, ఎవరూ వాడుకోరు. ఆ అక్షరాలను హెడర్ అంటారు. ఏ సంస్థ ఏ హెడర్ తీసుకుందో ట్రాయ్ దగ్గర నమోదై ఉంటుంది. ఎస్ఎంఎస్ హెడర్ల కోసం ట్రాయ్ పెట్టిన పోర్టల్‌లో ఆ అక్షరాలు కొడితే సంస్థ పేరు వస్తుంది. 2025 నుంచి హెడర్ చివర ఒక గీత, ఒక అక్షరం కూడా వస్తున్నాయి. ఇంగ్లిషు పి ఉంటే ప్రకటన, ఎస్ ఉంటే సేవకు సంబంధించింది, టి ఉంటే లావాదేవీ, జి ఉంటే ప్రభుత్వం. బ్యాంకు పేరు చెబుతూ మెసేజ్ పది అంకెల మొబైల్ నుంచి వచ్చిందంటే అది బ్యాంకుది కాదు.

"ఈ రాత్రి కరెంటు తీసేస్తాం, ఈ ఆఫీసరుకు ఫోన్ చేయండి" అని వచ్చింది. ఆ ఆఫీసరు ఎవరు?

ఆఫీసరు ఎవరూ లేరు. ఈ మోసగాళ్లు ఎక్కడో కూర్చుని గుంపుగా మెసేజ్‌లు పంపుతారు, మనది ఏ రాష్ట్రమో కూడా చూసుకోరు. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్‌లలో కరెంటు ఇచ్చేది టీపీఎస్‌ఓడీఎల్, సరిహద్దు దాటి శ్రీకాకుళంలో ఏపీఈపీడీసీఎల్. ఆంధ్రా సిమ్ పెట్టుకుని పర్లాకిమిడిలో ఉండేవాళ్లకు ఆంధ్రా కంపెనీ పేరుతో బెదిరింపు వస్తుంది. ఇంటి మీటరు మీద ఉన్న పేరు వేరు. ఒక్కసారి పాత బిల్లు తీసి చూస్తే అక్కడే తేలిపోతుంది. బిల్లు మీద ఉన్న నంబరుకే ఫోన్ చేయండి, మెసేజ్‌లో ఉన్న నంబరుకు వద్దు.

సుభద్ర డబ్బుల పేరుతోనూ ఇలాగే అడుగుతారు. ఒడిశా ప్రభుత్వం ఆ పథకం కింద ఏడాదికి రెండు విడతల్లో పది వేలు ఖాతాలో వేస్తుంది. దానికి ఓటీపీ చెప్పమని ఎవరూ ఫోన్ చేయనక్కర్లేదు. "జాబితాలో పేరు చూసుకోండి" అంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపితే దాన్ని తాకకండి. అది ఫోనులోకి ఎక్కిందంటే మీ మెసేజ్‌లు వాళ్ల చేతికి వెళ్తాయి.

"పోలీసులం, మీ ఆధార్‌తో తీసుకున్న నంబరు కేసులో ఉంది" అన్నారు. నిజంగా పోలీసులో కాదో ఎలా తెలుసుకోవాలి?

వీడియో కాల్‌లో కూర్చోబెట్టి "డిజిటల్ అరెస్టు చేశాం, గది దాటొద్దు" అన్నారంటే పోలీసులు కారు. అలాంటి అరెస్టు మన చట్టంలోనే లేదు. ఫోన్ పెట్టేసి, మీ ఊరి స్టేషన్‌కు నడిచి వెళ్లి, లేదా 112కు ఫోన్ చేసి అడగండి. నిజమైన పోలీసుకు మీరు అలా చెక్ చేసుకుంటే కోపం రాదు. దొంగ మాత్రం "లైను కట్ చేయొద్దు" అని అరుస్తాడు.

సిమ్ అమ్మే కొట్టులో అడిగితే పేరు చెప్పరా? కంపెనీకి ఉత్తరం రాస్తే? సమాచార హక్కు కింద అడిగితే?

మా కొట్లలో అలాంటి జాబితా ఉండదు. మేము సిమ్ ఇచ్చేటప్పుడు ఫొటో, ఆధార్ యాప్‌లోకి ఎక్కిస్తాం, అక్కడితో మా చేతిలోంచి పోతుంది. ఇంకొకరి నంబరు కొట్టి చూసే మీట మా దగ్గర లేదు. ఎవరైనా "నూటయాభై ఇస్తే చెప్తాను" అన్నారంటే ట్రూకాలర్ చూసి చెప్తున్నారని అర్థం.

కంపెనీ ఖాతాదారు వివరాలను మనలాంటివాళ్లకు ఇవ్వకూడదు. చట్టప్రకారం పోలీసులు రాతపూర్వకంగా అడిగితే ఇస్తుంది. సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి 8(1)(జె) కింద మినహాయింపు ఉంది, ప్రైవేటు కంపెనీలు అసలు ఆ చట్టం కిందకే రావు. విసుగ్గా అనిపిస్తుంది గానీ, ఇదే గోడ మీ ఇంటి ఆడపిల్ల చిరునామాను కూడా కాపాడుతోంది.

"నంబరు కొట్టండి, లైవ్ లొకేషన్ చూడండి" అనే వెబ్‌సైట్లు?

బూటకం. మొబైల్ ఏ టవర్ కింద ఉందో కంపెనీకి తెలుస్తుంది, వెబ్‌సైటుకు తెలియదు. మ్యాపు మీద తిరిగే ఆ చుక్క ఉత్త బొమ్మ. చివర్లో "ఫలితం కోసం 49 రూపాయలు" అంటారు, లేదా మీ నంబరు, ఓటీపీ అడుగుతారు. కాల్ డేటా తెచ్చిస్తామనే వాళ్ల జోలికి అసలే వెళ్లకండి. దొంగదారిన టెలికాం సమాచారం సంపాదించడం 2023 టెలికాం చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు పడే నేరం.

మా అమ్మాయికి ఎవరో నంబర్లు మార్చి మార్చి ఫోన్ చేసి విసిగిస్తున్నారు. ఎవరో తెలుసుకోవాలి.

మీరు తెలుసుకోవాల్సిన పని లేదు, పోలీసులు తెలుసుకోవాలి. ముందుగా అమ్మాయిని తప్పుపట్టే మాటలు ఇంట్లో ఆపండి. మన వైపు చాలా ఫిర్యాదులు అక్కడే చచ్చిపోతాయి, "ఫోను లాక్కుంటారు" అన్న భయంతో పిల్లలు చెప్పరు.

ఒక్కసారి స్పష్టంగా, రాతలో "నాకు ఫోన్ చేయొద్దు" అని మెసేజ్ పెట్టించండి. ఆ తర్వాత జవాబు ఇవ్వొద్దు. బ్లాక్ చేసే ముందు కాల్ జాబితాను తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి, మెసేజ్‌లు చెరిపేయకండి. వద్దన్నా వెంటపడి మాట్లాడాలని చూడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం, మొదటిసారికి మూడేళ్ల దాకా శిక్ష ఉంది. కాల్ రికార్డులను కంపెనీలు కనీసం రెండేళ్లు ఉంచాలి కాబట్టి నెలల కిందటి నంబర్లు కూడా రాసి ఇవ్వండి. మహిళా హెల్ప్‌లైన్ 181.

అన్నదమ్ములు ఆ నంబరుకు ఫోన్ చేసి బూతులు తిట్టడం, ట్రూకాలర్‌లో వచ్చిన పేరును వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం చేయొద్దు. ఆ పేరు పాత యజమానిదైతే, ఊళ్లో ఒక అమాయకుడి పరువు తీసినవాళ్లు మీరవుతారు, కేసు మీమీదే పడుతుంది.

డబ్బు పోయింది. నేను ఉండేది ఒడిశా, సిమ్ ఆంధ్రాది, బ్యాంకు ఖాతా ఇచ్ఛాపురంలో. ఎక్కడ చెప్పుకోవాలి?

ఎక్కడన్నది తర్వాత, ముందు 1930. మోసగాడు డబ్బును ఖాతాలు మార్చే లోపు ఆపడానికే ఆ నంబరు ఉంది. 1930ని ఏ రాష్ట్రానికారాష్ట్రం పోలీసులు నడుపుతారు, కాబట్టి ఎత్తగానే మీరు ఉండే జిల్లా పేరు, ఖాతా ఉన్న బ్రాంచి పేరు రెండూ చెప్పండి. చేతిలో ఉండాల్సినవి: డబ్బు వెళ్లిన తేదీ, సమయం, సొమ్ము, లావాదేవీ నంబరు, మోసగాడి ఫోన్ నంబరు. నంబరు యజమాని ఎవరో వెతుకుతూ అరపూట పోగొట్టుకోవద్దు. ఆ పేరు దొరికినా పోయిన డబ్బు రాదు, ఖాతా ఆగితేనే వస్తుంది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయండి. అనుమానం ఉన్న నంబరు మీద ఇదివరకే ఫిర్యాదులున్నాయో లేదో చూసే వీలు కూడా ఆ పోర్టల్‌లో ఉంది.

స్టేషన్‌లో "ఇది మా పరిధి కాదు, ఆంధ్రాలో ఇచ్చుకో" అంటే ఒప్పుకోవద్దు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దాన్ని జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. సరిహద్దు మీద బతికేవాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే సెక్షన్ లేదు, నంబరు గుర్తుపెట్టుకోండి.

డబ్బు పోలేదు, పోగొట్టాలని చూశారంటే సంచార్ సాథీలో "చక్షు" అనే చోట ఆ నంబరు ఇవ్వండి. చక్షు 2024 మార్చి నుంచి నడుస్తోంది.

నాకు వచ్చే ఫోన్లన్నీ ఎవరో వేరే మనిషి కోసం. "బాకీ కట్టు" అని తిడుతున్నారు.

మీ నంబరుకు ఇంతకు ముందు ఇంకో యజమాని ఉన్నాడు. వాడకం ఆగిపోయిన నంబరును కనీసం 90 రోజులు పక్కన పెట్టి, తర్వాత కొత్తవాళ్లకు ఇస్తారు. ఈ సంగతి ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు కూడా చెప్పింది. పాత యజమాని అప్పు తీసుకున్న చోట, గ్యాస్ ఏజెన్సీలో, బ్యాంకులో ఇంకా ఆ నంబరే ఉంటుంది. మీరు తిరిగి తిడితే ఫోన్లు ఆగవు. "ఈ నంబరు ఫలానా నెలలో నేను కొత్తగా తీసుకున్నాను" అని ఒక మెసేజ్ తయారుగా ఉంచుకుని, ఫోన్ చేసిన ప్రతివారికీ పంపండి. సిమ్ తీసుకున్న రోజు వచ్చిన మెసేజ్‌ను చెరపకండి, వాదన ముదిరితే అదే సాక్ష్యం. పాత మనిషి ఓటీపీలు మీకు వస్తుంటే వాటిని ఎవరికీ చదివి వినిపించవద్దు.

ఇదే మాట తిరగేసి కూడా చూసుకోండి. మీరు రీఛార్జి మానేసిన పాత ఒడిశా నంబరు ఇంకా బ్యాంకులో ఉంటే, రేపు మీ ఓటీపీ వెళ్లేది ఎవరి ఇంటికో. నంబరు వదిలే ముందు బ్యాంకు, ఆధార్, వాట్సాప్ మూడింటిలో మార్చుకోండి.

నా పేరు మీద నాకు తెలియని సిమ్ములు ఉన్నాయేమో?

ఇది చూడటం చాలా తేలిక, అందరూ ఈరోజే చేయాల్సిన పని. సంచార్ సాథీలో మీ నంబరు, ఓటీపీ ఇస్తే మీ పేరు మీద ఉన్న నంబర్ల జాబితా వస్తుంది. మీది కానిదాన్ని "నాది కాదు" అని నొక్కితే కంపెనీ విచారిస్తుంది. ఒక్కరి పేరు మీద తొమ్మిది దాకా ఉండొచ్చు. దాటితే మొదటిసారి యాభై వేల దాకా జరిమానా. సంతలో గొడుగు కింద "ఉచిత సిమ్" అంటూ ఒకే మనిషి చేత రెండు మూడుసార్లు వేలిముద్ర వేయించుకునే వాళ్ల దగ్గర సిమ్ తీసుకున్నవాళ్లు తప్పకుండా చూసుకోండి.

డెలివరీ కుర్రాడు చేసిన నంబరుకు తిరిగి చేస్తే ఎవరో రికార్డు గొంతు మాట్లాడుతోంది.

అది అతని నంబరు కాదు. మీ ఇద్దరి నంబర్లూ ఒకరికొకరికి కనపడకుండా కంపెనీ మధ్యలో పెట్టిన నంబరు. యాప్‌లో ఆర్డరు తెరిచి అక్కడి నుంచే చేయండి.

ల్యాండ్‌లైన్ నంబరైతే?

ఊరు ఖాయంగా తెలుస్తుంది, అదొక్కటే మేలు. 0680 బరంపురం, 0674 భువనేశ్వర్, 06815 పర్లాకిమిడి, 06856 రాయగడ, 06852 కొరాపుట్, 06854 జయపురం. 08942 శ్రీకాకుళం, 0891 విశాఖ. మన సరిహద్దు ఊళ్ల వరకు సున్నా పక్కన 6 ఉంటే ఇటు, 8 ఉంటే అటు అని గుర్తుంచుకున్నా చాలు. ల్యాండ్‌లైన్ నుంచి వచ్చేవి ఎక్కువగా ఆఫీసులు, ఆస్పత్రులు, కాలేజీలవి. ఆ నంబరును యథాతథంగా గూగుల్‌లో కొడితే పేరు దొరికే అవకాశం మొబైల్ కన్నా బాగా ఎక్కువ.

జాతరలో ఫోను దొరికింది. యజమాని ఎవరో ఎలా కనుక్కోవాలి?

బరంపురం ఠాకురాణీ యాత్ర రోజుల్లో ఈ ప్రశ్న ఎక్కువ. ఫోను ఆపేయకండి, ఛార్జింగ్ పెట్టి ఉంచండి, పోగొట్టుకున్నవాళ్లు దానికి ఫోన్ చేస్తారు. ఎత్తి "మీ ఫోను ఏ రంగు, కవర్ మీద ఏముంది?" అని అడిగాకే ఎక్కడికి రావాలో చెప్పండి. తెర తాళం వేసి ఉన్నా కింద "ఎమర్జెన్సీ" అని నొక్కితే కొందరి ఫోన్లలో ఇంటివాళ్ల నంబరు కనిపిస్తుంది. సిమ్ తీసి మీ ఫోనులో వేసి చూడొద్దు. సాయంత్రం దాకా ఎవరూ చేయకపోతే దగ్గర స్టేషన్‌లో ఇచ్చి కాగితం రాయించుకోండి. యజమాని ఈపాటికి ఆ ఫోను గుర్తింపు నంబరును (ఐఎమ్‌ఈఐ) సంచార్ సాథీలో బ్లాక్ చేయించి ఉంటే, మీరు ఇంట్లో పెట్టుకున్న ఆ ఫోను దొంగసొత్తు లెక్కలోకి వస్తుంది.